ఈత లేదని చెప్పిన రోజు

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా బెంగళూరు యలహంకలోని వాళ్ళ బడి నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. బడిలో ఆటల పోటీలు పెడుతున్నారట, ఈత పోటీకి నేను న్యాయనిర్ణేతగా రావాలట. నాకేమీ అర్థం కాలేదు. సాయంత్రం పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే సంగతి బయటపడింది. మీ నాన్న ఏం పని చేస్తారని టీచరమ్మ అడిగిందట. "రోజూ ఈత పోటీలు పెడతాడు. బాగా ఈదినవాళ్ళను ఏరి పక్కన పెడతాడు" అని ఇది చెప్పి వచ్చింది.

పిల్ల అబద్ధమేమీ చెప్పలేదు. నా పని గురించి ఇంట్లో నేను దానికి చెప్పిందే అక్కడ అప్పజెప్పింది. పిల్లలు కావాలని ఆస్పత్రికి వచ్చిన దంపతుల కోసం మగవాడి వీర్యకణాల్లో చురుకైనవాటిని ఏరి ఇవ్వడం నా ఉద్యోగం. ఎనిమిదేళ్ళ పిల్లకు దాన్ని ఇంకెలా చెప్పను? బడికి వెళ్ళి, నాకు ఈతే రాదని ఒప్పుకుని, గోనెసంచుల పరుగుపందేనికి న్యాయం చెప్పి వచ్చాను. నా పని అసలేమిటో టీచరమ్మ మళ్ళీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న అబ్బాయిలు, అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పుస్తకాల్లో ఉన్నదంతా వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. పుస్తకంలో లేనిదేదైనా రాసిపెట్టండి సార్ అంటారు. నాకొచ్చిన ప్రమోషన్లు, గోడకు తగిలించిన సర్టిఫికెట్లు వాళ్ళకెందుకు? ఒక్క మాట వల్ల నేను చేసిన పెద్ద పొరపాటు గురించి రాస్తాను. ఆ మాట ఈతే.

ఎద్దుల దగ్గర మొదలు

నేను చదివింది పశువైద్యం. మాది హిందూపురం వైపు. చదువు అయ్యాక బెంగళూరు శివార్లలో ఎద్దుల వీర్యం సేకరించి, గడ్డకట్టించి, ఊళ్ళకు పంపే కేంద్రంలో పదేళ్ళు పనిచేశాను. ఆ పదేళ్ళలో నేను ఎక్కువసార్లు రాసిన మాట ఈత. మా వైపు ఈత అంటే నీళ్ళలో ఈదడమే కాదు, ఆవు ఈనడం కూడా. తొలి ఈత, రెండో ఈత అని ప్రతి ఆవు చీటీ మీదా రాసేవాళ్ళం. రైతు ఆవును కొనబోతే మొదట అడిగేది ఎన్నో ఈత అని. పాల సంగతి ఆ తర్వాతే.

అక్కడ మా పెద్ద డాక్టరుది కోలారు. నోరు మంచిది కాదు, చెయ్యి మాత్రం బంగారం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చీటీ మీద 'తొంభై పాళ్ళు చచ్చినవి' అని రాశాను. ఆయన దాన్ని నా ముందే చింపి చెత్తబుట్టలో వేశాడు.

"సచ్చినవని నీకెవరు చెప్పిరప్పా?"

"కదలడం లేదు సార్."

"నువ్వు గూడా ఆదివారం మద్దేన్నం కదలవు. నీకు గుంత తవ్వేదా? కదలడం లేదని రాయి. సచ్చిందా లేదా అన్నది ఇంగో పరీక్ష."

ఆ ఇంకో పరీక్ష కూడా ఆ రోజే చూపించాడు. ఉప్పులు బాగా తగ్గించిన పలచటి ద్రావణంలో వీర్యకణాలను వేస్తే, బతికున్న కణం చుట్టూ ఉన్న నీటిని లోపలికి పీల్చుకుంటుంది. దాని తోక ఉబ్బి ముడుచుకుంటుంది. చచ్చినదాని తోక చాపినట్టే ఉంటుంది. కదలకుండా పడున్నవాటిలో సగానికి పైగా తోకలు ముడుచుకోవడం నా కళ్ళతో చూశాను. కళ్ళు నిజం చెబుతాయి, తొందరపడేది మనమే అని ఆ రోజు అనుకున్నాను. అనుకున్నంత మాత్రాన మనిషి బాగుపడడు కదా.

తొంభైల మొదట్లో డాక్టర్ వసుంధర మా కేంద్రం చూడడానికి వచ్చింది. పిల్లలు లేనివాళ్ళ కోసం నగరంలో సొంతంగా ఆస్పత్రి పెడుతోంది. వీర్యాన్ని చేత్తో పట్టి పని చేయడం తెలిసినవాళ్ళు అప్పట్లో బెంగళూరులో వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. అరపూట నా పని చూసి, ఎద్దులకు చేసేవాడివి మనుషులకు చేయలేవా అంది. ఇంటికి వెళ్ళి చెబితే మా ఆవిడ, "ఇన్నాళ్ళూ చుట్టాలు అడిగితే పశువుల డాక్టరని చెప్పుకున్యా. ఇప్పుడేమని చెప్పేది?" అంది. ఈ ప్రశ్నకు ఉద్యోగం మానేవరకు మా ఇంట్లో జవాబు దొరకలేదు.

గాజుగొట్టంలో పందెం

పని సులభంగా చెప్పేస్తాను. వీర్యాన్ని కడిగి, గాజుగొట్టం అడుగున ఉంచుతాం. దాని మీద కణాలకు బలమిచ్చే ద్రావణాన్ని నెమ్మదిగా, రెండూ కలిసిపోకుండా పోస్తాం. గొట్టాన్ని కొంచెం వాల్చి, ఒంటి వేడి ఉండే పెట్టెలో గంటసేపు పెడతాం. చేవ ఉన్నవి పైకి ఈదుకుంటూ వస్తాయి. లేనివి, చెత్త, అడుగునే ఉండిపోతాయి. పై పొరను పీల్చి తీసుకుంటే మనకు కావలసినవి దొరుకుతాయి.

మేం ల్యాబ్‌లో దీన్ని ఈత అనే పిలిచేవాళ్ళం. పైకి వస్తే ఈత ఉంది, రాకపోతే ఈత లేదు. ఆయమ్మలకు, నర్సులకు, నాకు అందరికీ అర్థమయ్యే మాట. ఈదలేని నమూనాలకు వేరే దారి ఉండేది. చిక్కటి, పలచటి ద్రావణాలను పొరలుగా పోసి, పైన వీర్యాన్ని ఉంచి యంత్రంలో గిరగిర తిప్పితే, మంచి కణాలు పొరలు దాటి అడుగుకు చేరతాయి. ఇంతే. గంటసేపు ఆగడమే ఇందులో కష్టం. నలభై నిమిషాలకే మూత తీసి చూసే కుర్రవాళ్ళను నేను చాలా తిట్టాను.

కాటన్‌పేట నుంచి వచ్చిన దంపతులు

రామాంజి, గంగరత్న మా దగ్గరకు వచ్చింది తొంభైల మధ్యలో. పెళ్ళయి పన్నెండేళ్ళు. అతనిది బెంగళూరులో అంగళ్ళ పేట అయిన కాటన్‌పేటలో తాతల కాలం నుంచీ ఉన్న తెలుగు కుటుంబం. ఆమెది బెంగళూరు పక్కనే హొసకోటె, తండ్రికి తోట, పాడి ఉన్నాయి. కాగితం నింపేటప్పుడు నేనే అడిగాను.

"ఏం పని చేస్తావప్పా?"

"బొరుగుల యాపారం సార్."

'వ్యాపారం' అని రాసుకున్నాను. కాటన్‌పేట అనగానే దుకాణంలో పరుపు మీద కూర్చునే మనిషి నా కళ్ళకు కనిపించాడు. బొరుగులు, అంటే మరమరాలు, అన్న మాటను చెవిలో వేసుకోలేదు. నా మొదటి తప్పు ఇది. ఇదీ చిన్నది కాదని రెండు నెలల తర్వాత తెలిసింది.

వీర్యం పరీక్షించాను. కణాలు తక్కువ, కదిలేవి మరీ తక్కువ. గంట ఆగి పై పొర చూస్తే ఒక్కటీ లేదు. చేతులు కడుక్కుని బయటికి వచ్చేసరికి ఇద్దరూ వరండాలో నిలబడి ఉన్నారు. డాక్టరమ్మ ఆపరేషన్ గదిలో ఉంది. ఫలితం చెప్పడం ఆమె పని, నాది కాదు. కానీ రామాంజి నేరుగా నా ముఖంలోకి చూసి అడిగాడు.

"ఎట్లుండాయి సార్? దాసొద్దు, చెప్పండి."

"ఈత లేదప్పా" అన్నాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. తర్వాతి వారం డాక్టరమ్మను కలవాల్సి ఉంది, రాలేదు. ఆ తర్వాతి వారమూ రాలేదు. రెండు నెలలు గడిచాయి. కాటన్‌పేట వాళ్ళేమయ్యారని డాక్టరమ్మ అడిగితే, ఏదో పనిలో పడి ఉంటారన్నాను.

ఒక మధ్యాహ్నం గంగరత్న ఒక్కతే వచ్చింది. డాక్టరమ్మ కోసం కాదు, నా కోసం.

"సార్, మీరు ఈత లేదని చెప్తిరి కదా."

"చెప్పాను."

"నాకు అర్థమయింది సార్. నాలుగు దినాలు ఏడిస్తి, ఊరుకుంటి. పుట్టేబిడ్డకని పాత చీరలతో బొంత కుడతాంటి, దాన్ని మా ఆడబిడ్డకు ఇచ్చేస్తి. ఇంగ ఆశ పెట్టుకోవద్దని మా అత్తకు గూడా చెప్పేస్తి. అదంతా సరే. ఆయప్పకే మతి చెడినట్లుండాది సార్. ఆ పొద్దు నుంచి కెలసానికి పోలే, పనే ముట్టలే. హొసకోటెలో మా నాయిన తోటలో బావి ఉండాది, పొద్దన్నా సాయంత్రమూ దాంట్లో పడి ఈత కొడతాండాడు. ఈత లేదని మీరు చెప్పినాక ఈత కొట్టేదేంది సార్? మంచి డాక్టరు ఎవరన్నా ఉంటే రాసియ్యండి."

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆమె ముఖం చూశాను.

"గంగరత్నమ్మా, ఈత లేదంటే నీకేమని అర్థమయింది?"

ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది. "ఆవుకు ఈత లేదంటే ఏందో, మనిషికీ అదే కదా సార్. ఇంగ కాన్పు లేదని."

నాకు తల కొట్టేసినట్టయింది. పదేళ్ళు ఆవుల ఈతలు చీటీల మీద రాసినవాణ్ణి నేను. పాడి ఉన్న ఇంటి ఆడపిల్ల ముందు, పన్నెండేళ్ళుగా బిడ్డ కోసం చూస్తున్న మనిషి ముందు ఆ మాట అని, చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాను. రెండు నెలలు ఆమె దాన్ని మోసింది. ఆ బొంత గురించి తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కుర్చీ వేసి కూర్చోబెట్టి, గాజుగొట్టం చూపించి, నేను చెప్పిన ఈత ఏమిటో చెప్పాను. అంతా విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"అయితే ఆయప్ప... తన ఈత అనుకున్యాడా సార్?"

భట్టి సంగతి

మర్నాడు రామాంజిని పిలిపించాం. నల్లగా కాలి, భుజాలు తిరిగి, మనిషే మారిపోయి వచ్చాడు. డాక్టరమ్మ ముందు నిలబడి తన లెక్క తాను చెప్పాడు.

"మీరే కదా సార్ చెప్తిరి, వాటికి ఈత లేదని. నాకే ఈత రాదు. తండ్రికి రానిది బిడ్డలకు యాడొస్తాది? అందుకే నేర్చుకుంటి. ఇప్పుడు బావి నాలుగు సుట్లు తిరిగొస్తా."

డాక్టరమ్మది కన్నడం. తెలుగు వింటే అర్థమవుతుంది. ముఖం అటు తిప్పుకుని కాగితాలు వెతుకుతున్నట్టు నటించింది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. కాసేపటికి సర్దుకుని అడిగింది. కెలసానికి పోవడం లేదట, ఏం కెలసం?

"భట్టి దగ్గర అమ్మా. బొరుగులు వేయించేది."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. రామాంజి దుకాణంలో కూర్చునే మనిషి కాదు. ఊకతో మండే పొయ్యి, దాని మీద ఇసుక కాగుతున్న పెద్ద బాణలి, పొయ్యి నోటికి అటొక కాలు, ఇటొక కాలు పెట్టుకుని తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా కూర్చోవడం. పద్నాలుగో ఏటి నుంచి అదే పని. మగవాడి వృషణాలు ఒంటికి వెలుపల ఉండేదే చల్లగా ఉండడానికి. అక్కడ రోజూ ఆరుగంటలు నిప్పు సెగ తగిలితే వీర్యకణాలు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు.

డాక్టరమ్మ నా కాగితం తీసి, 'వ్యాపారం' అన్న చోట వేలు పెట్టి నాకు చూపించింది. అతని ముందు ఏమీ అనలేదు. అతను వెళ్ళాక మాత్రం తలుపు వేసి కడిగేసింది. ఆమెకు కోపం ఎక్కువ, తన పొరపాట్లు ఒప్పుకోవడం తక్కువ. కానీ ఆ రోజు చెప్పిన రెండు ముక్కలు మీరు రాసిపెట్టుకోండి. ఏం పని చేస్తావని అడగడం చాలదు, ఎక్కడ, ఎలా కూర్చుని చేస్తావో అడగాలి. మనం ఏదైనా చెప్పాక, విన్నవాళ్ళ చేత తిరిగి చెప్పించాలి. ఆ రోజు నుంచి ఉద్యోగం మానేవరకు, ఏం అర్థమయిందో చెప్పు తల్లీ, ఏం అర్థమయిందో చెప్పప్పా అని అడగకుండా ఎవరినీ పంపలేదు. ఎన్ని వింత జవాబులు విన్నానో వాటికే ఇంకో పుస్తకం పడుతుంది.

ఒక కణం తయారై బయటికి రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. భట్టి మానేసి ఇంకో నెల ఆగి రమ్మన్నాం. వచ్చాడు. గొట్టం పెట్టెలో పెట్టి గంట ఆగాను. పై పొరలోంచి చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. కొంచెమే, కానీ ఈదుతున్నాయి. నేను ఒంటరిగా గదిలో చప్పట్లు కొట్టాను. ఆయమ్మ తలుపు తీసి చూసి వెళ్ళిపోయింది. వరండాలోకి పరుగెత్తాలనిపించింది గానీ బుద్ధి తెచ్చుకుని డాక్టరమ్మ చేతే చెప్పించాను.

"నేను చెప్పలేదా!" అన్నాడు రామాంజి భార్యతో. బావి వల్ల కాదు, భట్టి మానినందువల్ల అని ఎంత చెప్పినా తలూపాడే గాని నమ్మలేదు. ఎందుకైనా మంచిదని ఈత మానలేదు.

ఒక్క తూరి

ఏరిన కణాలను నేరుగా గర్భసంచిలోకి పంపే పద్ధతి రెండుసార్లు చేశాం. నిలవలేదు. ఒక్కో కణాన్ని సన్నటి గాజుసూదితో ఎత్తి అండంలోకి పంపే పని అప్పుడప్పుడే మన వైపు మొదలవుతోంది. నేనూ నేర్చుకున్నాను. అది చేద్దామంది డాక్టరమ్మ. గంగరత్నకు అప్పటికి ముప్పై ఏడు. అండాల కోసం ఇచ్చే సూదిమందు ఆమె ఒంటికి పడక ఒళ్ళంతా నీరు పట్టింది. ఇంకోసారి ఈ మందు ఇవ్వనని డాక్టరమ్మ తేల్చేసింది. "ఒక్క తూరే సార్. అయితే అయితాది, లేకుంటే లేదు" అంది గంగరత్న, వాచిన వేళ్ళు చూసుకుంటూ. తన బిడ్డ అనేది ఉంటే ఆ ఒక్క తూరిలోనే ఉండాలి.

డిసెంబరులో ఒక పొద్దున అండాలు తీశారు. ఎనిమిది వచ్చాయి. మైక్రోస్కోపులోంచి చూస్తే ముచ్చటగా ఉన్నాయి. రామాంజి నమూనా తెచ్చి నా చేతికిచ్చాడు. పేరు రెండుసార్లు చెప్పించుకుని, డబ్బా మీద పేరుతో సరిచూసి లోపలికి తీసుకెళ్ళాను. చుక్క వేసి చూశాను. ఏదీ కదలడం లేదు. ఇంకో చుక్క. కదలడం లేదు. గొట్టంలో పోసి గంట ఆగాను. ఆ గంట చాలా పెద్దది. పై పొరలో ఒక్కటీ లేదు.

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏమైంది?"

"ఈత లేదు మేడమ్."

"చచ్చిపోయాయా?"

అవునని నోటి చివరిదాకా వచ్చింది. అప్పుడు గుర్తొచ్చాడు కోలారు పెద్ద డాక్టరు, చీటీ చింపుతూ. "తెలియదు. కదలడం లేదు, అంతవరకే తెలుసు. నాకు కొంచెం టైమివ్వండి" అన్నాను. ఆమె గడియారం చూసుకుంది, అండాలవైపు చూసింది, సరేనంది.

ఎద్దులకు వాడిన పలచటి ద్రావణాన్ని లెక్క సరిచూసుకుని తయారు చేశాను. చిన్న చుక్కలో కణాలను వదిలాను. చూస్తూ కూర్చున్నాను. చాపిన తోకలు, చాపిన తోకలు. మెడ పట్టేసింది. గాజుపళ్ళెం అంచున ఒకటి, తోక చివర చిన్న వంకీ తిరుగుతోంది. వంకీ తిరిగి ముడుచుకుంది. బతికుంది! ఈదలేకపోయినా బతికే ఉంది. సూదితో దాన్ని ఎత్తి మామూలు ద్రావణంలో కడిగాను. తోక మళ్ళీ సాగింది. ఒకటి దొరికాక కన్ను అలవాటుపడింది. రెండోది, మూడోది. ఒక్కొక్కటీ వెతికి ఎనిమిది ఏరాను. ఎనిమిది అండాల్లోకి పంపాను. లేచేసరికి కాళ్ళు తిమ్మిరెక్కి గోడ పట్టుకున్నాను.

బయట రామాంజి తల వంచుకుని కూర్చున్నాడు. ఆ తల చూడగానే నాకు అనుమానమొచ్చింది.

"భట్టి దగ్గరికి పోయినావా అప్పా?"

"ఆయుధపూజ సార్" అన్నాడు, నేల చూస్తూ. రెండు నెలల కిందటి దసరా సెగ తిన్న కణాలే ఇప్పుడు బయటికి వచ్చాయన్నమాట. బెంగళూరులో ఆయుధపూజకు బొరుగులు పంచని దుకాణం లేదు, ఆటో లేదు. ఆ పది రోజులూ వాళ్ళ భట్టి ఆరదు. "తమ్ముడు ఒక్కడే అల్లాడతా ఉన్యాడు. పది దినాలే కదా అని కూసుంటి. పది దినాలకే పోతాదా సార్?"

నాకు తిట్టాలనిపించింది. కానీ నా కాగితం మీద 'వ్యాపారం' అని రాసింది గుర్తొచ్చి ఊరుకున్నాను. "పోలేదు. లోపలుండాయి, పని చేస్తాండాయి. నువ్వు పోయి మీ ఆమెకు నువ్వే చెప్పు" అన్నాను. వెళ్ళి చెప్పాడు. మత్తు పూర్తిగా వదలకపోయినా గంగరత్న అతణ్ణి తిట్టిన తిట్లు వరండా చివరిదాకా వినిపించాయి. విని నర్సులందరికీ ధైర్యం వచ్చింది, మనిషి బాగానే ఉందని.

మర్నాడు చూస్తే ఐదు అండాలు పిండం కట్టాయి. వాటిలో మూడింటిని ఆమె గర్భసంచిలో పెట్టాం. పద్నాలుగు రోజులకు రక్తపరీక్ష చేస్తే నిలిచింది. మర్నాడు రామాంజి గోనెసంచి నిండా బొరుగులు మోసుకొచ్చి ల్యాబ్ గుమ్మంలో దించాడు. వారం రోజులు ఆస్పత్రి మొత్తం ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తరిగి కలుపుకుని బొరుగులే తింది. కోపిష్ఠి డాక్టరమ్మ రెండోసారి అడిగి పెట్టించుకుంది.

ఆడపిల్ల పుట్టింది. నేను చూడడానికి వెళితే గంగరత్న పక్కలో బిడ్డ, బిడ్డ కింద కొత్త బొంత. నన్ను చూడగానే నవ్వింది.

"ఇప్పుడు రాసుకోండి సార్, తొలి ఈత."

యంత్రాల సంగతి

రెండు వేల సంవత్సరం దాటాక మా గదికి కొత్త సామాను చాలా వచ్చింది. కణాన్ని వేలరెట్లు పెద్దది చేసి తలలోని లోపాలు చూపించే కటకాలు. బాగా ఎదిగిన కణాలు మాత్రమే అతుక్కునే పూత ఉన్న పళ్ళేలు. చావడానికి సిద్ధమైనవాటిని అయస్కాంతంతో పక్కకు లాగేసే గొట్టాలు. అమ్మడానికి వచ్చినవాళ్ళు నున్నటి పుస్తకాలు తెచ్చి రంగు రంగుల బొమ్మలు చూపించేవాళ్ళు. నేను వాటన్నిటితో సంతోషంగా ఆడుకున్నాను, అబద్ధమెందుకు? కొన్ని కొందరికి పనికొచ్చాయి. అందరికీ అన్నీ అవసరమని చెప్పేవాళ్ళను మాత్రం నమ్మలేదు, మీరూ నమ్మొద్దు. కణం ఎంత అందంగా కనపడిందని కాదు, చివరికి ఎంతమంది ఇళ్ళల్లో బిడ్డ ఏడ్చిందని అడగండి. అడిగితే సగంమంది పుస్తకం మూసేస్తారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఎంత ఏరినా నిలవనివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ ముఖాలు కూడా నాకు గుర్తున్నాయి. మనం చేసింది అంతవరకేనని వాళ్ళకు సూటిగా, మెల్లగా చెప్పాలి. ఆశ అమ్మడం మన పని కాదు. అయినా మొత్తంమీద నేను పొద్దున్నే నవ్వుకుంటూ వెళ్ళిన ఉద్యోగం ఇది. ఇంకో జన్మ ఉంటే ఎద్దులు, మనుషులు అదే వరసలో మళ్ళీ చేస్తాను.

హొసకోటె బావి

ఉద్యోగం మానిన నెలలోనే రామాంజి ఫోన్ చేశాడు. అతను భట్టి పూర్తిగా తమ్ముడికి వదిలేసి మామ తోట చూసుకుంటున్నాడు. "యాభై ఏండ్లొచ్చె, ఇంగా ఈత రాదంటే ఎట్లా సార్? రండి, నేర్పిస్తా" అన్నాడు. మా ఆవిడ సంచిలో తువ్వాలు పెట్టి మరీ పంపింది.

బావి పెద్దది, మెట్లున్నది. రామాంజి నా నడుముకు ఖాళీ నూనెడబ్బా కట్టి నీళ్ళలోకి దించాడు. చల్లటి నీళ్ళు ఛాతీకి తగలగానే నేను అరిచిన అరుపుకు తోటలో కాకులు లేచిపోయాయి. ఒడ్డు మెట్టు మీద పదేళ్ళ పిల్ల కూర్చుని ఉంది, వాళ్ళ మీనాక్షి. అప్పుడే రెండు చుట్లు ఈది వచ్చి, జడలు పిండుకుంటూ నన్ను పరీక్షగా చూస్తోంది. ఎన్నో కణాలను అలా వంగి చూసినవాణ్ణి, చూపించుకోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"కాళ్ళాడించండి సార్, కాళ్ళు!" రామాంజి అరుస్తున్నాడు. ఆడించాను. డబ్బా ఒకవైపు, నేనొకవైపు తిరిగాం. మునిగి, తేలి, గుక్కెడు నీళ్ళు మింగాను.

పిల్ల తీర్పు చెప్పేసింది. "నాయినా, ఈ సార్‌కు ఈత లేదు!"

బావంతా మోగింది ఆ మాట. రామాంజి నన్ను వదిలేసి నవ్వడం మొదలుపెట్టాడు. పైన గట్టు మీద గంగరత్న కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వు ఆగక అక్కడే కూలబడింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని కూతురితో అంది.

"అట్ల ఒక్కతూరి చూసి చెప్పేయొద్దు పాపా. మూడు నెలలాగి మళ్ళా చూడల్ల."

నేను డబ్బాను గట్టిగా పట్టుకుని కాళ్ళాడించాను.